చనిపోయాడనుకున్న మనిషికి ఊపిరి ఊదిన తొలి రోజులు

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. నీట మునిగి ప్రాణం పోయినట్టు కనిపించే మనిషికి ఒకప్పుడు యూరప్‌లో మలద్వారం గుండా పొగాకు పొగ ఎక్కించేవారన్నది నిజమేనా? మన ఊళ్లలో కాళ్లు పట్టుకుని గిరగిర తిప్పడం, ఈమధ్య ఫోన్లలో తిరుగుతున్న ‘ఉప్పులో కప్పితే బతుకుతాడు’ అన్న మాట కూడా అలాంటివేనా? నోటితో నోటికి ఊపిరి ఊదడం అమెరికా వాళ్లు నిన్నగాక మొన్న కనిపెట్టిన పద్ధతేనా?

మొదటిది నిజం. రెండోదానికి కొంచెం వివరంగా చెప్పాలి. మూడోది మాత్రం తప్పు. ఆ తప్పు దగ్గరే అసలు కథ ఉంది. నేను ముప్ఫై నాలుగేళ్లు మత్తు వైద్యుడిగా పనిచేశాను. ఆగిన ఊపిరిని మళ్లీ నడిపించడమే నా వృత్తిలో ముఖ్యమైన భాగం. అందుకే ఈ చరిత్రను కాలక్షేపంగా చదవలేకపోయాను. ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది పాతవాళ్ల అజ్ఞానం కాదు. సరైన పద్ధతి వాళ్ల చేతికి ముందే అందింది. అందిన దాన్ని వదిలేసుకున్నారు. అది మళ్లీ దొరకడానికి సుమారు రెండు వందల ఏళ్లు పట్టింది.

1732 డిసెంబరు 3. స్కాట్లాండ్‌లోని ఆలోవా దగ్గర ఒక బొగ్గు గని. గనిలో మంటలు రేగి, లోపలంతా విషపు పొగ నిండిపోయింది. దిగినవాళ్లలో జేమ్స్ బ్లెయిర్ అనే కార్మికుడు అక్కడే పడిపోయాడు. అరగంటకు పైగా గడిచాక పైకి తెచ్చారు. నోరు తెరుచుకుని ఉంది, కళ్లు నిలిచిపోయాయి, ఒళ్లు చల్లబడింది, నాడి లేదు, గుండె చప్పుడు లేదు. అక్కడున్న విలియం టొసాక్ అనే శస్త్రవైద్యుడు అతని నోటి మీద తన నోరు ఆనించి బలంగా ఊదాడు. గాలి ముక్కులోంచి బయటికి వచ్చేసింది. అప్పుడు ముక్కు మూసి మళ్లీ ఊదాడు. ఛాతీ పైకి లేచింది. వెంటనే గుండె ఆరేడు సార్లు వేగంగా కొట్టుకోవడం చేతికి తెలిసిందని ఆయన రాసుకున్నాడు. గంటలోపే ఆ మనిషి ఆవులించాడు, కనురెప్పలు, చేతులు, కాళ్లు కదిపాడు. నాలుగు గంటలకు తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. కొద్ది రోజుల్లో మళ్లీ పనిలోకి దిగాడు.

శిక్షణ తరగతుల్లో ఈ సంఘటన చెప్పిన ప్రతిసారీ నేను ముక్కు దగ్గర ఆగుతాను. మొదటిసారి ఊదినప్పుడు గాలి ముక్కులోంచి పోయింది. ఆయన కంగారుపడి వదిలేయలేదు. గాలి ఎటు పోతోందో చూశాడు, ఆ దారి మూశాడు, మళ్లీ ఊదాడు. ఈరోజు బొమ్మ మీద సీపీఆర్ (ఊపిరి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ ప్రాణం నిలిపే పద్ధతి) నేర్చుకునే ప్రతి విద్యార్థీ మొదట చేసే పొరపాటు అదే, దిద్దుకునే తీరూ అదే. టొసాక్ ఈ విషయాన్ని 1744లో అచ్చు వేయించాడు. మరుసటి ఏడాది జాన్ ఫాదర్గిల్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీ ముందు దీని గురించి మాట్లాడుతూ కొలిమి తిత్తులు వాడడం కన్నా నోటితో ఊదడమే మేలన్నాడు. ఒక మనిషి ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి జోరును మరో మనిషి ఊపిరితిత్తులు తట్టుకోగలవు, తిత్తుల జోరు ఎంతో మనకు తెలియదు అన్నది ఆయన వాదన. ఈ వాదనను గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

టొసాక్ కూడా మొదటివాడు కాదనే చెప్పాలి. పుట్టగానే ఏడవని బిడ్డ నోట్లో ఊపిరి ఊదడం మంత్రసానులకు అంతకు ఎంతో ముందే తెలుసు. ఆ పని చేసిన ఆడవాళ్ల పేర్లు ఏ వైద్య పత్రికలోనూ అచ్చు కాలేదు. 1740లోనే పారిస్ సైన్స్ అకాడమీ నీట మునిగినవారికి నోటితో ఊపిరి ఊదాలని సిఫారసు చేసింది. అంటే మీరు కొత్తదనుకున్న పద్ధతికి మూడు వందల ఏళ్లకు దగ్గరగా వయసుంది.

ఇప్పుడు పొగాకు సంగతి. ఇది ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మొదలవుతుంది. ఊరంతా కాలువలు. పొగమంచు రాత్రుల్లో, తాగిన మత్తులో జనం వాటిలో పడి పోతుండేవారు. పైకి తీసినవారిని ముట్టుకోవడానికి చూసేవాళ్లకు భయం. అధికారులు రాకముందే శవం మీద చెయ్యి వేస్తే తమ మీదికి వస్తుందన్న భయం. రోడ్డు ప్రమాదంలో పడినవారిని మోసుకెళ్తే పోలీసుల చుట్టూ తిరగాలని మన దగ్గర ఎంతమంది వెనక్కి తగ్గారో తెలిసినవారికి ఆ భయం కొత్తగా అనిపించదు. సాయం చేసినవారికి రక్షణ కల్పించే నిబంధన మన మోటారు వాహనాల చట్టంలోకి రావడానికి 2019 దాకా పట్టింది.

1767లో ఆమ్‌స్టర్‌డామ్ పౌరులు కొందరు కలిసి నీట మునిగినవారిని రక్షించే సంఘం పెట్టారు. ఏం చేయాలో కాగితాల మీద అచ్చు వేసి పంచారు. ప్రయత్నించి బతికించినవారికి ఆరు బంగారు డ్యూకట్లు గానీ పతకం గానీ ఇస్తామన్నారు. వాళ్ల సూచనలు ఇవి: ఒంటిని వెచ్చబరచాలి. తడి బట్టలు తీసి రుద్దాలి. నోట్లోకి గాలి ఊదాలి. పొట్ట మీద నొక్కాలి. గొంతులో ఈకతో గిలిగింత పెట్టాలి. నెత్తురు తీయాలి. మలద్వారం గుండా పొగాకు పొగ ఎక్కించాలి. మొదటి నాలుగేళ్లలో సుమారు 150 మందిని బతికించామని ఆ సంఘం ప్రకటించుకుంది. అందులో ఎందరు నిజంగా ఊపిరి ఆగినవారో, ఎందరు స్పృహ మాత్రమే తప్పినవారో ఇప్పుడు విడదీయలేం. అయినా ఆ జాబితాను మరోసారి చదవండి. వెచ్చబరచడం, తడి తీయడం, నోటితో ఊదడం ఈరోజు కూడా సరైనవే. అవే పొగ పక్కన, నెత్తురు తీయడం పక్కన ఉన్నాయి. ఏది పనిచేసిందో వాళ్లకు తెలిసే వీలు లేదు. మనిషి బతికితే అన్నిటికీ పేరొచ్చింది.

పొగ ఎందుకంటే, ఆనాటి ఆలోచనలో ప్రాణం ఆరిపోయిన దీపం కాదు, నివురుగప్పిన నిప్పు. దాన్ని రగిలించడానికి వేడి కావాలి, ఘాటైన ఉత్తేజం కావాలి. పొగాకు రెండూ ఇస్తుందనుకున్నారు. పొగాకు కాల్చే పాత్ర, తిత్తి, గొట్టం ఉన్న పెట్టెలను లండన్‌లో థేమ్స్ ఒడ్డున అందుబాటులో ఉంచారు. 1811లో బెంజమిన్ బ్రోడీ అనే ఇంగ్లిషు వైద్యుడు జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో పొగాకులోని విషం గుండెను ఆపేస్తుందని చూపించాడు. అప్పటి నుంచి ఆ పద్ధతి మెల్లగా కనుమరుగైంది. దాన్ని తలచుకుని నవ్వేవాళ్లను చాలామందిని చూశాను. నాకు నవ్వు రాదు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం చలిరాత్రి నది ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని గంటల తరబడి పాటుపడ్డవాళ్లు వాళ్లు.

లండన్‌లో ఆ పనిని మొదలుపెట్టినవారు విలియం హాస్, థామస్ కోగన్ అనే ఇద్దరు వైద్యులు. డచ్ సంఘం నివేదికలను కోగన్ 1773లో ఇంగ్లిషులోకి తెచ్చాడు. హాస్ అంతకు ముందు నుంచే థేమ్స్‌లో మునిగినవారిని తగిన వ్యవధిలో తన దగ్గరికి తెచ్చినవారికి సొంత డబ్బు ఇస్తూ ఉండేవాడు. అలా అయితే నువ్వు దివాళా తీస్తావని కోగన్ చెప్పి, ఇద్దరూ చెరో పదిహేనుమంది మిత్రులను వెంటబెట్టుకుని 1774 ఏప్రిల్‌లో ఒక కాఫీ హౌస్‌లో కలిసి సంఘం పెట్టారు. అదే తర్వాత రాయల్ హ్యూమేన్ సొసైటీ అయింది. వాళ్ల ముద్ర మీద లాటిన్‌లో ఉన్న మాటకు అర్థం ‘చిన్న నిప్పురవ్వ ఎక్కడో దాగి ఉండవచ్చు’ అని. ప్రయత్నించినవారికి రెండు గినీలు (ఆనాటి ఇంగ్లండ్ బంగారు నాణేలు), మనిషి బతికితే నాలుగు. తడిసిన శరీరాన్ని లోపలికి రానిచ్చిన సత్రం యజమానికి కూడా ఒక గినీ. ఈ చివరి బహుమతి పెట్టినవాళ్లు మనుషుల్ని బాగా ఎరిగినవాళ్లు. శవమనుకున్న దాన్ని గడప దాటనివ్వడానికి ఎవరు ఒప్పుకుంటారు? మన ఊళ్లలో అయితే ఒప్పుకుంటారా?

అదే 1774లో లండన్‌లో మేడ కిటికీలోంచి పడిన మూడేళ్ల పాపకు, అందరూ ఆశ వదిలేశాక, ఒకాయన విద్యుత్ యంత్రంతో ఛాతీ మీద షాకులిస్తే నాడి తిరిగి దొరికిందని హ్యూమేన్ సొసైటీ నివేదికల్లో ఉంది. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో ఆబిల్‌గార్డ్ అనే పశువైద్యుడు కోళ్లకు తల మీద షాకిచ్చి పడగొట్టి, మళ్లీ ఛాతీ మీద షాకిచ్చి లేపినట్టు రాశాడు. ఆస్పత్రుల్లో గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్‌కు తొలి నీడలు ఇవి. కానీ గుండె ఎలా ఆగుతుందో తెలియని రోజుల్లో ఆ దారి ఎక్కువ దూరం సాగలేదు.

ఇక సరైన పద్ధతిని ఎలా వదిలేసుకున్నారన్నది. 1770లలో షీలే, ప్రీస్ట్‌లీ, లవోసియే అనే రసాయన శాస్త్రవేత్తల పరిశోధనలతో ప్రాణవాయువు సంగతి తెలిసింది. మనం పీల్చే గాలిలో అది ఉంటుందని, విడిచే గాలిలో తగ్గుతుందని తేలింది. అంత గొప్ప ఆవిష్కరణ నుంచి వైద్యులు తీసుకున్న ముగింపు ఇది: విడిచిన గాలి చెడిన గాలి, దాన్ని మరొకరి రొమ్ములోకి ఊదడం మంచిది కాదు. పైగా చనిపోయినట్టున్న మనిషి నోటిమీద నోరు పెట్టడమంటే పెద్దమనుషులకు రోత. శాస్త్రం, రోత ఒకే వైపు లాగాయి. హ్యూమేన్ సొసైటీ నోటిని వెనక్కి నెట్టి కొలిమి తిత్తులను ముందుకు తెచ్చింది. విడిచే గాలిలో ఇంకా పదహారు, పదిహేడు శాతం ఆక్సిజన్ ఉంటుంది, ప్రాణం నిలపడానికి అది చాలు. ఆ లెక్క వేసి చూసినవారు అప్పుడు ఎవరూ లేరు.

ఫాదర్గిల్ హెచ్చరిక నిజమైంది. 1820ల చివర ఫ్రాన్స్‌లో లెరోయ్ దెతియోల్ జంతువుల మీద పరీక్షించి, తిత్తులతో జోరుగా గాలి కొడితే ఊపిరితిత్తులు చిట్లి ప్రాణమే పోతుందని చూపించాడు. ఊపిరితిత్తి నుంచి గాలి ఛాతీ గోడ లోపలికి చేరితే ఏమవుతుందో నేను ఆపరేషన్ బల్ల దగ్గర చూశాను. నిమిషాల్లో మనిషి నీలంగా మారిపోతాడు. దాంతో తిత్తులు పోయాయి. అప్పుడు వెనక్కి తిరిగి నోటి దగ్గరికి వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. ఆ తర్వాతి నూట ఇరవై ఏళ్లు బయటి నుంచి ఒంటిని నొక్కుతూ, దొర్లిస్తూ గాలి ఆడించే పద్ధతులే నడిచాయి. 1856లో మార్షల్ హాల్ పక్కకు దొర్లించమన్నాడు, 1858లో సిల్వెస్టర్ చేతులు తలమీదికి ఎత్తి దించమన్నాడు, 1903లో షేఫర్ బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కమన్నాడు. ఒక్క మార్షల్ హాల్ గురించి మాత్రం ఒక మంచి మాట చెప్పాలి. వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక వెనక్కి జారి గొంతు మూసేస్తుందని గుర్తించాడు. జబ్బు సరిగ్గా పట్టాడు, మందు మరోలా ఇచ్చాడు.

ఇక్కడ మన హైదరాబాద్ వస్తుంది. ఎంతోమంది తెలుగు వైద్యులకు కూడా తెలియని విషయం కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 1847లో క్లోరోఫాం వాడుకలోకి వచ్చాక, మత్తు కోసం ఇచ్చిన మందుతోనే కొందరు ఆపరేషన్ బల్ల మీద హఠాత్తుగా పోవడం మొదలైంది. ముందు గుండె ఆగుతోందా, ఊపిరి ఆగుతోందా? హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్, వైద్య పాఠశాల ప్రధానాచార్యుడు ఎడ్వర్డ్ లారీ ముందు ఆగేది ఊపిరే అనేవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో ఈ ప్రశ్న తేల్చడానికి 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్, 1889లో రెండోది జరిగాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. వందల కుక్కల మీద, కోతులు, మేకలు, గుర్రాల మీద కూడా ప్రయోగాలు చేశారు. ఊపిరి ఆగగానే ఆలస్యం లేకుండా కృత్రిమ శ్వాస ఇస్తే జంతువు తిరిగి కోలుకుంటోందని, నాడి మీద కాక శ్వాస మీద కన్ను ఉంచాలని కమిషన్ తేల్చింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో చదివి క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యురాళ్లలో ఒకరిగా చెప్పుకుంటారు.

కమిషన్ చెప్పిన దాంట్లో సగం నిలిచింది, సగం నిలవలేదు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె లయ తప్పి అదిరిపోతూ తానే ఆగిపోగలదని 1911లో లీవీ అనే వైద్యుడు చూపించాడు. అంటే గుండె సంగతిలో లారీ పొరబడ్డాడు. కానీ ఊపిరిదారి తెరిచి ఉంచు, శ్వాసను కనిపెట్టు అన్న మాట నా గురువులు నాకు మొదటిరోజు చెప్పినదే. మత్తు ఇచ్చేటప్పుడు రోగి ఛాతీ మీద చూపు నిలపడం అలవాటు చేసిన ఊరు ఇదని నాకు గర్వంగా ఉంటుంది.

నోటి పద్ధతి తిరిగి రావడానికి 1950లు కావాల్సి వచ్చింది. పోలియో రోజుల్లో పిల్లలకు స్వయంగా ఊపిరి ఊదిన అమెరికా వైద్యుడు జేమ్స్ ఈలమ్, విడిచిన గాలితోనే రోగి నెత్తురులో ఆక్సిజన్ సరిగ్గా నిలుస్తుందని 1954లో కొలిచి చూపించాడు. పీటర్ సేఫర్ అనే మత్తు వైద్యుడు అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇంకా ముందుకు వెళ్లాడు. ఇష్టపడి ముందుకొచ్చినవారికి మత్తు ఇచ్చి, కండరాలు సడలించి, ఊపిరి ఆపి, మామూలు జనం చేత వాళ్లకు ఊదించాడు. తల వెనక్కి వంచి గడ్డం ఎత్తితే చాలు దారి తెరుచుకుంటోంది, వీపు నొక్కడాలూ చేతులు ఎత్తడాలూ చాలా సందర్భాల్లో గాలినే లోపలికి పంపడం లేదు అని తేలింది. 1960లో అదే నగరంలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీని బయటి నుంచి నొక్కితే నెత్తురు నడుస్తుందని ప్రచురించారు. కావాల్సింది రెండు చేతులు మాత్రమేనని వాళ్లు రాశారు. 1891లో జర్మనీలో మాస్ అనే వైద్యుడు ఇలాగే ఛాతీ నొక్కి రోగిని బతికించాడు. అదీ మరుగున పడిపోయింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఉద్యోగంలో చేరిన కొత్తలో, డెల్టా ప్రాంతంలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో ఉన్నాను. వేసవి సెలవులు. కాలువలో మునిగిన పదేళ్ల కుర్రాణ్ణి తెచ్చారు. తెచ్చిన మేనమామ చొక్కా చెమటతో తడిసి ఉంది. ‘కాళ్లు పట్టుకుని తిప్పాం డాక్టరుగారూ, మార్చి మార్చి తిప్పాం, నోట్లోంచి నీళ్లు కూడా వచ్చాయి’ అన్నాడు. ఇరవై నిమిషాల పాటు నలుగురు మగవాళ్లు తమ బలమంతా ఆ పిల్లవాడి కోసం ఖర్చుపెట్టారు. ఒక్క ఊపిరి కూడా లోపలికి పోలేదు. వచ్చిన నీళ్లు కడుపులోవి. ఊపిరితిత్తుల్లో చేరే నీరు కొద్దిగానే ఉంటుంది, అది తిప్పితే రాదు. తలకిందులు చేస్తే కడుపులోనిది గొంతులోకి వచ్చి ఊపిరిదారికి అడ్డం పడుతుంది. మేం గంటసేపు ప్రయత్నించాం. వాడు దక్కలేదు. ‘మరి ఏం చేసి ఉండాల్సింది?’ అని ఆయన నన్ను అడిగాడు. ఆ సమయంలో ఆయనకు ఆ జవాబు చెప్పలేకపోయాను.

ఉప్పు గురించి ఒక్క మాట. ఉప్పులో కప్పితే బతకడానికి శరీరంలో ఏ దారీ లేదు. బస్తాలు తెప్పించి గంటలు గడిపే ఆ వ్యవధిలో, బతికే వీలున్న పిల్లవాడు కూడా దక్కకుండా పోతాడు. అలాంటి సందేశం మీ ఫోనుకు వస్తే పంపినవారికి తప్పని చెప్పండి.

ఆ మేనమామకు చెప్పాల్సింది మీకు చెబుతాను. ముందు మీరు మునగకుండా చూసుకోండి. ఒడ్డుకు తెచ్చాక పిలిచి, కుదిపి చూడండి. పలకక, మామూలుగా ఊపిరి తీయకపోతే పక్కవారిని 108కి ఫోను చేయమనండి. చదునైన నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. నీళ్లు కక్కించే ప్రయత్నం చేయకండి. నుదుటి మీద ఒక చెయ్యి పెట్టి తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తండి. ముక్కు మూసి, నోటి మీద నోరు పూర్తిగా ఆనించి, ఛాతీ లేచేదాకా మెల్లగా ఊదండి. నీట మునిగినవారికి ఊపిరే ముందు, రెండు నుంచి ఐదు సార్లు. అప్పటికీ మనిషి కదలక, ఊపిరి తీయకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో ముప్ఫై సార్లు నొక్కండి. పెద్దవారికి ఐదు సెంటీమీటర్లు దిగాలి, చిన్నపిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు. నిమిషానికి వంద నుంచి నూట ఇరవై లెక్కన. ముప్ఫై నొక్కులకు రెండు ఊపిరులు, 108 వచ్చేదాకా ఆపకుండా, అలసిపోతే మనుషులు మారుతూ చేయండి. వాంతి అయితే పక్కకు తిప్పి నోరు శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి. చదివితే చేతికి రాదు, బొమ్మ మీద ఒక గంట నేర్చుకోండి. సీపీఆర్ శిక్షణ ఇచ్చే ఆస్పత్రులు, రెడ్‌క్రాస్ శాఖలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

ఊపిరి తీసుకుని కళ్లు తెరిచాడనుకోండి, అప్పుడు కూడా ఇంటికి తీసుకెళ్లకండి. నీళ్లు పోయిన ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత కూడా ఉబ్బి మొరాయించవచ్చు. ఆలోవా కార్మికుడు నాలుగు గంటలకే నడిచి ఇంటికి వెళ్లాడు. మీవాణ్ణి మాత్రం ఆ రాత్రంతా ఆస్పత్రిలోనే ఉంచండి.